పిల్లవాణ్ణి తరలించే ముందు ఇంటిని కూర్చోబెడదాం

(సొసైటీ వార్షిక సభలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ఉర్దూలో మాట్లాడమన్నారు. మా ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, దెగ్లూర్ పోతే మరాఠీ. జుక్కల్ వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఇవాళ నేను చెప్పే మాట అంగన్‌వాడీ టీచర్లకు కూడా పూర్తిగా అందాలి, ఎందుకంటే వాళ్లు లేకుండా ఈ పని జరగదు. అందుకని తెలుగులోనే మాట్లాడుతాను. ముందు వరుసలోని పెద్దలు మన్నించాలి.

మధ్యాహ్నం అజెండాలో పిల్లల వసతిగృహం కట్టే ప్రతిపాదన ఉంది. తండ్రి లేని పిల్లల కోసం, పేద పిల్లల కోసం. నేను దానికి అడ్డం పడటానికి రాలేదు. కానీ ఓటు వేసే ముందు నా తప్పు ఒకటి మీకు చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే పాతికేండ్ల కిందట, ఏడో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. తండ్రి చనిపోయాడు. తల్లి బీడీలు చేసేది. లెక్కల్లో చురుకైన పిల్లవాడు, కానీ వారంలో మూడు రోజులు బడికి రాడు. నేను అప్పుడే బీఈడీ చేసి వచ్చిన ఉత్సాహంలో ఉన్నాను. వీడు బాగుపడాలంటే ముందు ఆ ఇంట్లోంచి బయటపడాలి అనుకున్నాను. నలుగురి దగ్గర పైసలు జమ చేసి, దూరపు పట్నంలో ఒక హాస్టల్లో సీటు సంపాదించాను. ట్రంకు పెట్టె, దుప్పటి, రెండు జతల బట్టలు కొన్నాం. బస్సు ఎక్కేటప్పుడు ఫోటో కూడా తీయించాం. తల్లి నా చేతులు పట్టుకొని దువా ఇచ్చింది.

నాలుగో నెలలో పారిపోయాడు. తొమ్మిది రోజులు ఎక్కడున్నాడో తెలియలేదు. చివరికి నిజామాబాద్ రైల్వే స్టేషన్లో దొరికాడు. ఇంటికి వచ్చాక మళ్లీ బడి గడప తొక్కలేదు. చాలా ఏండ్ల తర్వాత ఒక పెళ్లిలో కలిశాడు. లారీ మీద పని చేస్తున్నాడు. అప్పుడు అడిగాను, అక్కడ నిన్ను కొట్టారా బేటా అని. "లేదు టీచర్, తిండి మంచిగనే పెట్టేటోళ్లు. మా దాదీకి కండ్లు కనిపించయి గదా. రాత్రి లేస్తే నేనే చెయ్యి పట్టుకొని బయటికి తీస్కపోయేటోణ్ణి. అమ్మీ అంతరాత్రి దాక బీడీలు చేసి పండుకుంటే మెలకువ రాకపోయేది. నేను లేకుంటే దాదీ పడిపోతదని రోజూ బుగులయ్యేది."

బడికి రాని ఆ మూడు రోజులు కూడా దాదీ కోసమేనట. నేను ఆ ఇంటికి నాలుగుసార్లు పోయాను. నాలుగుసార్లూ తల్లితో మాట్లాడాను. మూలన మంచం మీద కూర్చున్న ఆ ముసలామెను ఒక్కసారి పలకరించలేదు. పిల్లవాణ్ణి అసలు అడగలేదు, అడగాలని తోచనే లేదు. వాళ్ల ఫుప్పు రెండు గల్లీల అవతలే ఉండేది. రాత్రిపూట ఆ దాదీ దగ్గర పడుకోవడానికి ఫుప్పు ఇంటి నుంచి ఒక మనిషి వచ్చి ఉంటే ఆ పిల్లవాడు చదువుకునేవాడు. ఖర్చు కూడా ఏమీ లేదు.

చట్టం చెప్పేది కూడా ఇదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. పిల్లల సంరక్షణకు ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి బాలల న్యాయ చట్టం. అందులో మూడో సెక్షన్లో 16 సూత్రాలు రాశారు. పిల్లవాడి బాధ్యత మొదట కుటుంబానిది. తన గురించి నిర్ణయం చేసేటప్పుడు పిల్లవాడి మాట వినాలి. ఇల్లు వదిలిన పిల్లవాణ్ణి వీలైనంత త్వరగా ఇంటికి చేర్చాలి. సంస్థలో పెట్టడం అన్ని దారులూ చూశాక చిట్టచివర చేసే పని. మనం ఇక్కడ ఏం చేస్తున్నాం? ఆ చివరి పనితో మొదలుపెడుతున్నాం, అది సులువు కనుక, కంటికి కనిపిస్తుంది కనుక.

ఈ చట్టం కింద ప్రతి జిల్లాకూ బాలల సంక్షేమ సమితి ఉంటుంది. అందరూ సీడబ్ల్యూసీ అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్లలో ఒక్కరైనా మహిళ. మేజిస్ట్రేటుకు ఉండే అధికారం వాళ్లకు ఉంటుంది. ఇల్లు తప్పిన పిల్లవాడు, పనిలో దొరికిన పిల్లవాడు, చూసేవాళ్లు లేని పిల్లవాడు ఎవరికి దొరికినా ప్రయాణ సమయం పోను 24 గంటల్లో ఆ సమితి ముందుకు తీసుకుపోవాలి. మన పిల్లవాడు దెగ్లూర్‌లో దొరికితే ముందు నాందేడ్ జిల్లా సమితి చూస్తుంది, మన జిల్లా సమితితో మాట్లాడి ఇటు పంపిస్తుంది. సరిహద్దు మీద ఊరు కనుక ఇది మనకు తెలిసి ఉండాలి.

సమితి నిర్ణయం చేసేది ఒక కాగితం చూసి. సామాజిక విచారణ నివేదిక అంటారు. 15 రోజుల్లో అది తయారు కావాలి. ఆ కాగితం రాసే మనిషి మన ఊరికి ఒక పూట వస్తాడు. 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లా అయింది, నిజామాబాద్ పోయే తిప్పలు తప్పాయి, నిజమే. అయినా మనం జిల్లాకు ఒక కొసన ఉన్నాం, కామారెడ్డి ఇంకో కొసన ఉంది. వచ్చిన ఉద్యోగికి సగం రోజు దారిలోనే పోతుంది. ఆ మిగిలిన పూటలో గల్లీవాళ్లు ఏం చెబితే అది రాసుకొని పోతాడు. "తండ్రి లేడు, తల్లి బీడీ కార్మికురాలు, ఆదాయం లేదు." కాగితం మీద ఆ ఇల్లు ఖాళీగా కనిపిస్తుంది. నానీ ఉంది, మామూ ఉన్నాడు, పక్క గల్లీలో ఫుప్పు ఉంది, రోజూ ఒక రొట్టె పంపే పక్కింటి పోశవ్వ ఉంది. ఇవేవీ కాగితంలోకి ఎక్కవు, ఎందుకంటే ఎవరూ చెప్పరు. మనలాంటి సొసైటీ చేయగలిగిన మొదటి పని ఇక్కడే ఉంది. ఆ ఉద్యోగి వచ్చే రోజున ఆ మనుషులందరినీ ఒక చోట కూర్చోబెట్టడం.

ప్రపంచంలో దీన్ని చట్టంగా రాసుకున్న దేశం న్యూజిలాండ్. అక్కడి మావోరీ జనం ఏండ్ల తరబడి ఒక్కటే మొర పెట్టుకున్నారు. మా పిల్లలను సర్కారు వసతిగృహాలకు, పరాయి ఇండ్లకు తీసుకుపోతున్నారు, మా తాతలను, మేనత్తలను ఒక్క మాట అడగటం లేదు అని. 1989లో అక్కడ కొత్త చట్టం వచ్చింది. అందులో ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్ అనే పద్ధతి పెట్టారు. పిల్లవాడి విషయం తేల్చే ముందు తల్లిదండ్రులనే కాదు, తాతలు, మేనమామలు, మేనత్తలు, దగ్గరి వాళ్లందరినీ పిలుస్తారు. అధికారులు తమకు తెలిసింది, తమకు భయంగా ఉన్నది విప్పి చెబుతారు. చెప్పి, గదిలోంచి బయటికి పోతారు. కుటుంబం తలుపు వేసుకొని తనలో తాను మాట్లాడుకుంటుంది. ఏం చేయాలో వాళ్లే రాసుకొని వస్తారు. పిల్లవాడికి ప్రమాదం లేదనుకుంటే దాన్నే ఒప్పుకుంటారు. తర్వాత బ్రిటన్, అమెరికా వంటి దేశాలు కూడా దీన్ని తీసుకున్నాయి.

ఇది మన పంచాయితే కదా టీచర్ అని నిన్న ఒక పెద్దాయన అన్నారు. కాదు చాచా. మన పంచాయితిలో పెద్దమనుషులు కుర్చీల మీద ఉంటారు, ఇంటివాళ్లు నిలబడి ఉంటారు, పిల్లలు, ఆడవాళ్లు తలుపు వెనక ఉంటారు. తీర్పు పెద్దమనుషులు చెప్పి ఛాయ్ తాగి పోతారు. తెల్లారి ఆ తీర్పును మోయవలసిన వాళ్లను ఎవరూ అడగరు. భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందనిపిస్తే అటు కుటుంబం నుంచి ఒకరిని, ఇటు కుటుంబం నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని ఖురాన్‌లో నిసా సూరా చెబుతుందని మీ అందరికీ తెలుసు. పరిష్కారం ఇంటి మనుషుల్లోంచే రావాలన్న ఆలోచన మనకు పరాయిది కాదు. మనమే దాన్ని కుర్చీల పంచాయితిగా మార్చుకున్నాం.

మూడేండ్ల కిందట మేము ఒకసారి ఈ పద్ధతి చేసి చూశాం. ఊరు, పేర్లు చెప్పను. తండ్రి పట్నంలో భవనం పనిలో చనిపోయాడు. తల్లికి టీబీ. పదమూడేండ్ల ఆడపిల్ల, పదేండ్ల మగపిల్లవాడు, నాలుగేండ్ల చిన్నది. మామూ వచ్చి మగపిల్లవాణ్ణి దెగ్లూర్ తీసుకుపోయి ఛాయ్ హోటల్లో పెట్టాడు. ఆడపిల్లకు నిఖా మాటలు నడుస్తున్నాయి. ముగ్గురినీ ఎక్కడైనా హాస్టల్లో వేద్దామని మనలోనే కొందరు అన్నారు. తల్లి రోగి, ఇంకేం దారి ఉంది అన్నారు. నేను కూడా అదే అనేదాన్ని, ఆ లారీ పిల్లవాడు గుర్తుకు రాకపోతే.

ఒక ఆదివారం జొహర్ నమాజు తర్వాత నానీ ఇంట్లో చాపలు పరిచి కూర్చున్నాం. తల్లి, నానీ, దెగ్లూర్ నుంచి మామూ, ఫుప్పు, ఆమె భర్త, ముగ్గురు పిల్లలు. మా హెడ్మాస్టర్ గారు, అంగన్‌వాడీ టీచర్, మస్జిద్ కమిటీ నుంచి ఒకరు, బాలల పరిరక్షణ విభాగం నుంచి బస్సులు మారుకుంటూ వచ్చిన ఒక అమ్మాయి. మొదటి గంట కొట్లాటే. మామూ లేచి నిలబడ్డాడు. "నేనేమన్న అమ్ముకున్ననా వాణ్ణి? నాకు నలుగురు పిల్లలు. అక్కకు చాతగాదు. తిండి పెడుతున్న గదా!" అని. ఆయన మాటలో అబద్ధం లేదు. దొంగను చూసినట్టు చూశాం ఆయన్ను, అప్పటిదాకా.

ఆ ఉద్యోగిని మెల్లగా రెండు మాటలు చెప్పింది. పద్నాలుగేండ్ల లోపు పిల్లవాణ్ణి పనిలో పెట్టడం నేరం, పద్దెనిమిది నిండకుండా ఆడపిల్ల పెళ్లి నేరం. ఈ రెండింటి మీద బేరం లేదు. మిగిలిందంతా మీ ఇష్టం, మీరే ఆలోచించి చెప్పండి అంది. మేము బయటివాళ్లం లేచి వేపచెట్టు కిందికి పోయాం. నలభై నిమిషాలు. లోపల అరుపులు వినిపించాయి, ఏడుపు వినిపించింది, తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. హెడ్మాస్టర్ గారు రెండుసార్లు లోపలికి పోబోతే ఆపాను. ఉపాధ్యాయులకు బయట కూర్చోవడం చాలా కష్టమైన పని.

లోపలి నుంచి వాళ్లు తెచ్చిన ఏర్పాటు మాలో ఎవరికీ తట్టేది కాదు. నిఖాకు ఎందుకు తొందర పడుతున్నారో మాకు అప్పుడే తెలిసింది. నేను పోతే ఈ పిల్లను ఎవరు చూస్తారు అని ఆ తల్లి రోజూ భయపడుతోంది. పెళ్లి చేయొద్దని మేము ఎన్నిసార్లు చెప్పినా ఆ భయానికి జవాబు మా దగ్గర లేదు. జవాబు ఫుప్పు ఇచ్చింది. నీకేమన్నా అయితే ఈ పిల్ల నా ఇంట్లో నా బిడ్డగా ఉంటది, పద్దెనిమిది దాటినంక నేనే దగ్గరుండి నిఖా చేయిస్త అని అందరి ముందు మాట ఇచ్చింది. నిఖా మాట అక్కడితో ఆగింది. నానీ తన ఇల్లు వదిలి కూతురి దగ్గరికి వచ్చింది. రాత్రి భోజనం ఫుప్పు ఇంటి నుంచి. మామూ పిల్లవాణ్ణి తెచ్చి అప్పజెప్పి నెలకు వెయ్యి రూపాయలు పంపుతానన్నాడు. చిన్నదాన్ని అంగన్‌వాడీ టీచర్ రోజూ తానే పిలుచుకుపోతానంది. ఆడపిల్లను నీకేం కావాలి అని అడిగితే ఒక్కటే అడిగింది. పరీక్షల నెలలో బీడీల చాట నా ముందర పెట్టొద్దు అని.

పిల్లవాణ్ణి సమితి ముందుకు తీసుకుపోయినప్పుడు తల్లి, ఫుప్పు, ఈ కాగితం మూడూ అక్కడ ఉన్నాయి. అప్పుడప్పుడు వచ్చి చూస్తామని చెప్పి పిల్లవాణ్ణి ఇంటికే పంపారు.

ఇక పైసల సంగతి. కేంద్రం 2022లో మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో స్పాన్సర్‌షిప్ అని ఉంది. తల్లి వితంతువో విడాకులు పొందినామెనో అయితే, తల్లిదండ్రులకు ప్రాణం మీదికొచ్చే జబ్బు ఉంటే, తల్లిదండ్రులు లేని పిల్లవాడు చుట్టాల ఇంట్లో పెరుగుతుంటే, పిల్లవాడికి నెలకు 4,000 రూపాయలు. గ్రామాల్లో కుటుంబ ఆదాయం సంవత్సరానికి 72,000 దాటకూడదు. పిల్లవాడు ఇంట్లోనే ఉండి బడికి పోతుండాలి. లెక్క వేయండి, ఏడాదికి 48,000. మన ఊళ్లలో ఎంతమంది తల్లులకు ఈ సంగతి తెలుసు?

కానీ ఆ పైసలు దరఖాస్తు పెట్టిన మరునాడు రావు. మా కేసులో తండ్రి వేరే చోట చనిపోయాడు కనుక మరణ ధ్రువపత్రం కోసమే నెలలు పట్టింది. ఆ మధ్య కాలాన్ని దాటించింది మన సొసైటీ. నెలకు 2,000 చొప్పున ఏడు నెలలు, మొత్తం 14,000. అంత చిన్న మొత్తంతో ఒక ఇల్లు నిలబడింది. సర్కారు సాయం అందే దాకా మధ్యలో ఉండే ఆ గుంతను పూడ్చడం మనలాంటి చిన్న సంస్థ బాగా చేయగల పని.

అంతా సాఫీగా జరిగిందని మాత్రం అనుకోకండి. మామూ మూడు నెలలు పంపి మానేశాడు. మళ్లీ కూర్చున్నాం. ఆయన కౌలు పంట దెబ్బతిందని అప్పుడు తెలిసింది. నెలనెలా పైసలు వద్దు, పంట వచ్చినప్పుడు జొన్నలు తెచ్చి వెయ్యి అని నానీయే తీర్పు చెప్పింది. అది నడుస్తోంది. తల్లికి నయమైంది. ఆడపిల్ల పది పాసైంది. పిల్లవాడు చదువులో అంతంతమాత్రమే, దెగ్లూర్ హోటల్ సమోసాల మాట ఇప్పటికీ ఎత్తుతాడు.

ఒక గట్టి హెచ్చరిక. ప్రమాదం ఇంట్లోనే ఉంటే ఈ కూర్చోబెట్టే పద్ధతి పనికిరాదు, పెట్టకూడదు. పిల్ల మీద లైంగిక అత్యాచారం జరిగిందని తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. చెప్పకపోతే అదే నేరం. అక్కడ పరువు మాట, రాజీ మాట, కుటుంబ సమావేశం మాట ఎత్తినవాళ్లు పిల్లను రెండోసారి చంపుతున్నట్టే. 1098కి ఫోన్ చేయండి, 112కి చేయండి. తాగి వచ్చి ఎముకలు విరగ్గొట్టే తండ్రిని కూడా చాప మీద కూర్చోబెట్టి పిల్లవాడి ముందు మాట్లాడించకండి. ముందు పిల్లవాడి ప్రాణం.

నిజంగా ఎవరూ లేని పిల్లలూ ఉంటారు. వాళ్లకు వసతిగృహం కావాలి. నాంపల్లిలో అనీసుల్ గుర్బా వంటి సంస్థలు అందుకే ఉన్నాయి. మనం కట్టినా బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే జైలు, జరిమానా. మంచి పనే కదా, మనల్ని ఎవరడుగుతారు అనుకోవద్దు. చదువు కోసం పిల్లను మైనారిటీ గురుకులానికి పంపడం వేరు, సెలవులకు ఇంటికొస్తుంది, ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. ఇంట్లో బియ్యం లేక పిల్లను పంపేయడం వేరు.

మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) యతీముగా పెరిగారు. తల్లి పోయాక తాత అబ్దుల్ ముత్తలిబ్ చూశారు. తాత పోయాక చాచా అబూ తాలిబ్ తన ఇంట్లో పెట్టుకున్నారు. అబూ తాలిబ్ ధనవంతుడు కాదు, సొంత పిల్లలే చాలామంది. యతీముల గురించి ప్రతి ఉపన్యాసంలో మనం ఆ బాల్యాన్ని తలుచుకుంటాం. ఆ పిల్లవాడు ఒక చుట్టం చేతి నుంచి ఇంకో చుట్టం చేతికి పోయాడు, ఇంటి బయటికి పోలేదు అన్నది కూడా తలుచుకోవాలి. కఫాలా అని మనం దేనినంటామో, పిల్లవాడి తండ్రి పేరు, వంశం, ఆస్తి చెక్కుచెదరకుండా పోషణ భారం మోయడం, దాన్ని ఐక్యరాజ్య సమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో పేరు పెట్టి రాశారు. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. మన దేశంలో దత్తత కావాలనుకునే ముస్లింలకు బాలల న్యాయ చట్టం కింద ఆ దారి కూడా ఉందని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఎవరి నమ్మకం ప్రకారం వాళ్లు ఎంచుకోవచ్చు. కానీ ఫుప్పు ఇంట్లో ఒక గిన్నె ఎక్కువ పెట్టడానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.

ఇంకో చిన్న మాట, కోపం తెచ్చుకోకండి. ఏటా మన సంచికలో యతీము పిల్లలు నోట్‌బుక్కులు అందుకునే ఫోటోలు వేస్తున్నాం, కింద పేరు, ఊరు. సంరక్షణ అవసరమైన పిల్లవాణ్ణి గుర్తుపట్టేలా ఫోటో, పేరు అచ్చు వేయడం 74వ సెక్షన్ ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచండి. మా బడిలో ఒక పిల్ల ఆ సంచికను సంచి అడుగున దాచుకొని తిరిగింది, తోటివాళ్లు చూస్తారని. నేను పాతికేండ్ల కిందట బస్సు దగ్గర తీయించిన ఫోటో కూడా ఇంకా నా దగ్గర ఉంది. ఈ సంవత్సరం ఆ పేజీల్లో దాతల ఫోటోలు వేసుకుందాం.

నేను, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు కలిసి మా చుట్టుపక్కల ఊళ్లలో బడి మానేసిన, మానేయబోతున్న పదకొండు మంది పిల్లల జాబితా రాసుకొచ్చాం. ప్రతి పేరు ఎదురుగా ఆ పిల్లవాడికి ఉన్న చుట్టాలు ఎవరెవరో, ఎంత దూరంలో ఉన్నారో రాశాం. ఇద్దరికి మాత్రం ఆ గడి ఖాళీగా ఉంది. ఆ ఇద్దరి కోసం వసతి గురించి మాట్లాడుదాం. మిగిలిన తొమ్మిది ఇండ్లలో రంజాన్ లోపల ఒక్కోసారి కూర్చోవడానికి ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు నాకు కావాలి. మధ్యాహ్నం మూడో అంశం తీసుకునే ముందు కార్యవర్గం ఈ జాబితా చదవాలని నా మనవి. మైకులో మాత్రం చదవకండి. కాగితం కార్యదర్శి గారికి ఇస్తున్నాను.